మహారాణి లక్ష్మమ్మణ్ణి

ఊరినుండి చుట్టములు వచ్చినప్పుడు బెంగుళూరు తెలుగువారు తప్పక చేయు పని యొకటి కలదు. ఒక ఆదివారము తెల్లవారుజామున వారిని బయలుదేరదీసి, దారిలో శ్రీరంగపట్టణమున టిప్పు కోటను, రంగనాథస్వామి ఆలయమును చూపి, మధ్యాహ్నమునకు మైసూరు చేరి, రాజమందిరమును, చాముండి కొండను చూపించి, రాత్రికి ఇల్లు చేర్చుట. ఆ ఒక్క దినములో పిల్లలు హైదరును గూర్చి విందురు, టిప్పును గూర్చి విందురు, ఒడయరు ప్రభువులను గూర్చి విందురు. కాని చేజారిన రాజ్యము తిరిగి దక్కువరకు దాదాపు నలువది యేండ్లు పట్టు విడువక కాచుకొనియున్న ఒక స్త్రీని గూర్చి వినరు. ఆమెయే మహారాణి లక్ష్మమ్మణ్ణి.

ఆమె కథను ఈ ఉగాది సంచికలో చెప్పబూనుటకు వేరొక కారణము కూడ కలదు. టీకా వేయించుకొనవలెనా, వలదా యను ప్రశ్న 2021వ సంవత్సరమున మన ఇండ్లలో ఎంత కలవరము పుట్టించినదో అందరికిని జ్ఞాపకమే. ఒకే ఇంట అన్న వేయించుకొనగా తమ్ముడు మానుకొనెను. కోడలు సరే యనగా అత్తగారు వలదనెను. రెండువందల యేండ్ల క్రిందట ఇదే ప్రశ్న మైసూరు రాణివాసపు గుమ్మము తట్టినది. అప్పుడు ఆ యింటికి పెద్దదిక్కు ఈ లక్ష్మమ్మణ్ణియే.

ఆమె 1742వ సంవత్సర ప్రాంతమున జన్మించెను. అరసు వంశీయుడైన గోపాలరాజు ఆమె తండ్రి. మైసూరు ప్రభువైన ఇమ్మడి కృష్ణరాజ ఒడయరు ఆమెను వివాహమాడెను. సింహాసనము ఒడయరుదే యైనను అధికారము మాత్రము దళవాయిల చేతిలో నుండెను. వారి కొలువున సేనానిగా పైకివచ్చిన హైదరలీ 1761 నాటికి రాజ్యమంతయు తన గుప్పిట పెట్టుకొనెను. అంతకుముందే బెంగుళూరు అతనికి జాగీరుగా లభించియుండెను. నేడు మనము కృష్ణరాజ మార్కెట్టుకు కూరగాయలకు పోవుచు దారిలో చూచు రాతికోట హైదరు పునర్నిర్మాణము చేయించినదే.

1766లో కృష్ణరాజ ఒడయరు మరణించెను. మశూచియే ఆయనను పొట్టన పెట్టుకొన్నదని చరిత్ర పరిశోధకులు చెప్పుచున్నారు. అప్పటికి లక్ష్మమ్మణ్ణికి ఇంచుమించు ఇరువదినాలుగేండ్లు. పిమ్మట గద్దెనెక్కిన నంజరాజ ఒడయరును 1770లో హైదరు చంపించెను. ఆ తరువాతివాడైన చామరాజు 1776లో కాలధర్మము చెందెను. అప్పుడు రాజబంధువుల పిల్లలనందరిని ఒకచోట చేర్చి, వారి ముందు బొమ్మలు, పండ్లు, మిఠాయిలు, ఆయుధములు పెట్టించి, బాకును చేతబట్టిన బాలుని హైదరు రాజుగా నిర్ణయించెనని ఒక కథ వాడుకలో నున్నది. ఆ బాలుడే ఖాసా చామరాజ ఒడయరు. లక్ష్మమ్మణ్ణి అతనిని దత్తు చేసికొనెను.

పేరునకు రాజు, తీరునకు బందీ. రాణివాసపు గోడల చుట్టును కావలివారు. అయినను ఆమె ఊరకుండలేదు. తిరుమలరావు, నారాయణరావు అను సోదరులిరువురు ఆమె పక్షమున చెన్నపట్టణమునందును, తంజావూరునందును మంతనములు సాగించిరి. తత్ఫలితముగా 1782లో తంజావూరున ఇంగ్లీషు కంపెనీవారితో ఒడంబడిక జరిగెను. రాజ్యమును రాజవంశమునకు తిరిగి యిప్పించుటకు కంపెనీవారు మాట యిచ్చిరి. కాని 1784లో వారే మంగళూరున టిప్పుతో సంధి చేసికొనిరి. రాణికిచ్చిన మాట గాలికి పోయెను. 1792లో టిప్పు ఓడినప్పుడు సగము రాజ్యమును తాము, తమ మిత్రులు పంచుకొని, మిగిలినది టిప్పుకే వదలిరి. రెండవమారు కూడ రాణికి ఆశాభంగమే.

1796వ సంవత్సరము ఆమె జీవితములో మిక్కిలి చెడ్డది. దత్తపుత్రుడైన చామరాజ ఒడయరు ఆ యేట మశూచితోనే మరణించెను. టిప్పు మరియొక రాజును నిలుపలేదు. రాజకుటుంబమును అంతఃపురమునుండి వెడలించి ఒక పూరింటిలో నుంచిరి. అప్పటికామె ఏబదియేండ్లు దాటిన వృద్ధురాలు. ఆమె చేతిలో మిగిలినది చామరాజుని కుమారుడు, రెండేండ్ల పసివాడు. వంశమంతకును ఆ ఒక్క దీపమే.

1799 మే నెల 4వ తేదీన శ్రీరంగపట్టణము పడిపోయెను. టిప్పు యుద్ధమున మరణించెను. జూన్ 30వ తేదీన మైసూరున తాత్కాలికముగా వేసిన పందిరిలో ఐదేండ్లు నిండబోవు ఆ మనుమడు ముమ్మడి కృష్ణరాజ ఒడయరుగా పట్టాభిషిక్తుడయ్యెను. దివాను పూర్ణయ్య రాజ్యభారము వహించెను. పూర్ణయ్య హైదరు కొలువునను, టిప్పు కొలువునను ఉద్యోగము చేసినవాడు. అట్టివానితో కలసి పనిచేయుటకు కూడ ఆ ముసలి రాణి వెనుదీయలేదు. కంపెనీవారు వచ్చినది తన మేలుకోరి కాదని ఆమెకు తెలియును. సైన్యపు ఖర్చుక్రింద ఏటేట ఏడు లక్షల వరహాలు కట్టవలెనని వారు సంధిలో వ్రాయించుకొనిరి. పోయినదెంత, వచ్చినదెంత యని లెక్క చూచుకొనగల మనిషి ఆమె.

ఇంతవరకు రాజ్యము కథ. ఇక మశూచి కథ.

మన పెద్దలు ఆ జాడ్యమును పేరుపెట్టి పలుకుటకు కూడ జంకెడివారు. అమ్మవారు పోసినదనెడివారు. గుమ్మమునకు వేపమండలు కట్టెడివారు. ఇంట తాళింపు వేయరు, తలకు నూనె పెట్టరు, పరాయివారిని గడప దాటనీయరు. తగ్గిన పిమ్మట వేపాకు, పసుపు కలిపిన నీళ్ళు పోసి, అమ్మవారికి చల్ది నైవేద్యము పెట్టెడివారు. తెలుగునాట పోలేరమ్మ, గంగమ్మ, కన్నడనాట మారమ్మ. పేర్లు వేరైనను భయమొక్కటే. సోకినవారిలో పదిమందికి సుమారు ముగ్గురు చనిపోయెడివారు. బ్రదికినవారిలో కొందరికి కన్నులు పోయెడివి. ముఖమున గుంటలు మాత్రము చాలమందికి మిగిలెడివి. మందు లేదు. ఒకమారు వచ్చి పోయినవారికి మరల రాదన్న సంగతి మాత్రము లోకమునకు తెలియును.

ఆ తెలివినుండియే పాతకాలపు టీకా పుట్టినది. మశూచి సోకినవాని పొక్కులనుండి తీసిన పదార్థమును ఆరోగ్యవంతుని చర్మమున గ్రుచ్చుటయో, ఎండిన పక్కులను పొడిచేసి ముక్కులోనికి ఊదుటయో చేసెడివారు. స్వల్పముగా జ్వరము, కొన్ని పొక్కులు వచ్చి తగ్గెడివి. జన్మకంతకు రక్ష కలిగెడిది. వంగదేశమున ఈ పనిచేయు టీకాదారులు ఊరూర తిరిగెడివారు. కాని ఇందులో రెండు చిక్కులుండెను. నూటికి ఒకరో ఇద్దరో దీనివలననే చనిపోయెడివారు. వేయించుకొన్నవారికి వచ్చినది అసలు మశూచియే గనుక వారినుండి ఇరుగుపొరుగువారికి అంటుకొనవచ్చును. ఒకరి రక్ష మరియొకరికి మృత్యువు కావచ్చును.

లక్ష్మమ్మణ్ణి దత్తపుత్రుని పోగొట్టుకొన్న ఆ 1796వ సంవత్సరమే, మే నెల 14వ తేదీన, ఇంగ్లండు దేశమున ఎడ్వర్డు జెన్నరు అను పల్లెటూరి వైద్యుడు ఒక ఎనిమిదేండ్ల బాలునికి గోమశూచి పదార్థమును గ్రుచ్చెను. పాలు పిండు స్త్రీల చేతులమీద వచ్చు ఆ చిన్న పొక్కు పెద్దమ్మవారిని రానీయదని అచ్చటి పల్లెవారికి తెలిసియుండెను. జెన్నరు దానిని పరీక్షించి నిరూపించెను. ఈ కొత్త టీకాలో వచ్చునది మశూచి కాదు గనుక ఇతరులకు మశూచి అంటదు. ప్రాణభయమును బహు స్వల్పము.

దానిని ఇండియాకు తెచ్చుట సులభము కాలేదు. దారాలమీద ఆరబెట్టిన రసము ఎండవేడికి చెడిపోయెడిది. వియన్నానుండి బాగ్దాదు, బాగ్దాదునుండి బస్రా, అచ్చటినుండి ఓడమీద బొంబాయి చేరి, 1802 జూన్ 14వ తేదీన అన్నా డస్థాల్ అను మూడేండ్ల పాప చేతిమీద అది మొట్టమొదట పండెను. అటుపిమ్మట ఒక పిల్లవాని చేతి పొక్కునుండి వారము దినములకు రసము తీసి మరియొక పిల్లవాని చేతికి గ్రుచ్చుచు, గొలుసువలె ఊరినుండి ఊరికి నడపించిరి. హైదరాబాదు, చెన్నపట్టణము మొదలగు చోట్లకు అట్లే చేరెను. తుదకు మైసూరు సంస్థానమునకు వచ్చెను.

1805వ సంవత్సరము. ముమ్మడి కృష్ణరాజునకు వివాహము. పెండ్లికూతురు దేవాజమ్మణ్ణికి పండ్రెండేండ్ల ప్రాయము. ఆ యేడే ఆ బాలరాణికి కొత్త టీకా వేయింపవలెనను సంగతి వచ్చినది.

ఆ ముసలి రాణి యెదుటనున్న చిక్కును తలచుకొందము. వలదనుటకు ఎన్నో కారణములు కలవు. టీకా వేయువాడు పరదేశి వైద్యుడు. రసము వచ్చునది ఏ కులమో, ఏ యింటిదో తెలియని పిల్లవాని చేతినుండి. రాణివాసపు స్త్రీ ఒంటిని పరపురుషుడు తాకుట యనునదే ఆ కాలమున వినరాని మాట. అమ్మవారికి కోపము వచ్చునన్న భయము సరేసరి. అన్నిటికంటె మించి, ఇదిగో మేలని చెప్పుచున్నవారు రెండుమార్లు మాట తప్పిన కంపెనీవారు. వారికి ఇందు స్వలాభము లేకపోలేదు. జనము చచ్చిన శిస్తు రాదు, సిపాయి దొరకడు. తమ పరిపాలన దయగలదని చాటుకొనుటకు కూడ టీకా వారికి పనికివచ్చెను.

ఇక అవుననుటకు కారణములు చూతము. భర్తను, దత్తపుత్రుని పోగొట్టుకొన్న రాణికి మశూచి యననేమో ఇంకొకరు చెప్పనక్కరలేదు. పాతపద్ధతి కూడ ఆ యింట ఎరుగనిది కాదు. పెద్దరాణికి పాతపద్ధతిలోనే రక్ష జరిగెనని పరిశోధకులు ఊహించుచున్నారు. కొత్త టీకా వచ్చి అప్పటికి మూడేండ్లు. చెన్నపట్టణమున వేయించుకొన్నవారు కనులయెదుట తిరుగుచున్నారు. కంపెనీ మాట నమ్మనక్కరలేదు. మనుష్యులను చూచిన చాలును.

ఆమె మనసులో ఏమేమి మెదలెనో ఏ కాగితమునను లేదు. జరిగినది మాత్రము స్పష్టము. దేవాజమ్మణ్ణికి టీకా వేయించిరి. ఇంటి పెద్ద ఇష్టము లేనిదే అట్టి పని రాణివాసమున జరుగుట దుర్ఘటము. కంపెనీవారి రాజకీయపు మాట వేరు, వారి వైద్యుడు తెచ్చిన మందు వేరు అని ఆమె గ్రహించెనని మనము తలచుటలో తప్పు లేదు. చెప్పినవాడు నచ్చలేదని మంచిమాటను త్రోసివేయలేదు. చెప్పినవాడు బలవంతుడని చెడ్డమాటకు తల ఊపు అలవాటును ఆమెకు లేదు. 1806 జూలై నాటి సంస్థానపు వ్రాతలలో, బాలరాణి టీకా వేయించుకొన్న సంగతి ప్రజలకు మంచి ఉదాహరణమై, పలువురు తామై ముందుకు వచ్చిరని వ్రాయబడియున్నది.

ఈ కథకు ఒక చిత్రపటము కూడ సాక్ష్యముగా నిలిచినది. థామస్ హిక్కీ అను ఐరిష్ చిత్రకారుడు 1805లో ముగ్గురు స్త్రీల పటము వ్రాసెను. నిలువెల్ల నగలతో నున్న ఆ స్త్రీలు నర్తకులని చాలకాలము అనుకొనిరి. చరిత్ర పరిశోధకుడు డాక్టరు నైజెల్ ఛాన్సెలరు వారు మైసూరు రాణులని గుర్తించెను. ఆయన చెప్పినదాని ప్రకారము, కుడివైపుననున్న చిన్నరాణి దేవాజమ్మణ్ణి తన చీర కొంగును కొంచెము తొలగించి ఎడమచేతి దండను చూపుచున్నది. టీకా వేసిన తావు అదియే. ఎడమవైపున పెద్దరాణి, ఆమె పేరు కూడ దేవాజమ్మణ్ణియే. ఆమె ముక్కుక్రింద, నోటిచుట్టును కనబడు మచ్చ పాతపద్ధతి గుర్తని ఆయన అభిప్రాయము. నడుమనున్నది మన లక్ష్మమ్మణ్ణి. ఒకవైపు పాత టీకా, ఒకవైపు కొత్త టీకా, నడుమ రెండింటిని ఎరిగిన అవ్వగారు. పరదాల వెనుకనుండు రాణులు ప్రజల మేలుకొరకు పటమునకు నిలిచిరన్నచో అది సామాన్యమైన సంగతి కాదు.

ఈ సందర్భమున మనము మరువరాని నీతి యొకటి కలదు. ఆ రోజులలో జనమును ఒప్పించుటకు వేరొక ఉపాయము కూడ పన్నిరి. చెన్నపట్టణమున ఎల్లిసు అను దొర యుండెను. తెలుగు, తమిళము, కన్నడము ఒక కుటుంబమునకు చెందిన భాషలనియు, అవి సంస్కృతజన్యములు కావనియు 1816లో మొదట నిరూపించినవాడు ఆయనయే. క్యాంబెల్ వ్రాసిన తెలుగు వ్యాకరణమునకు ముందుమాటగా ఆ వ్యాసము వెలువడెను. మన భాషకు అంత ఉపకారము చేసిన ఆ పండితుడు గోమశూచి టీకాను పొగడుచు సంస్కృతమున పద్యములు తానే వ్రాసి, పాత కాగితమున ఎక్కించి, ప్రాచీన గ్రంథమని నమ్మించుటకు యత్నించెనని జాన్ మాల్కమ్ అను కంపెనీ అధికారి తెలిపియున్నాడు. ఉద్దేశము మంచిదే కావచ్చును. కాని మోసము మోసమే. సత్యము తెలిసిననాడు జనమునకు పద్యములమీదనే గాక టీకామీద కూడ అనుమానము పుట్టదా? మైసూరు రాణులు చేసినది దీనికి విరుద్ధము. ఏ పురాణమును కల్పింపలేదు. వేయించుకొన్న చేతినే చూపిరి.

నేటి కన్నులతో చూచినచో ఒక లోపము కూడ కనబడును. పండ్రెండేండ్ల బాలరాణిని నీ యిష్టమేమని అడిగినవారుండిరని చెప్పలేము. ఆ కాలమున పిల్లల మంచిచెడ్డలు పెద్దల చేతిలోనివి. పిల్లల విషయమున నేటికిని మనమట్లే నిర్ణయించుచున్నాము గనుక, ఆ భారము ఎంత పెద్దదో తలిదండ్రులకు తెలియును. ఆ నాటి టీకా నిర్దోషమును కాదు. చేతినుండి చేతికి గ్రుచ్చుటవలన ఒక్కొక్కప్పుడు ఇతర రోగములు కూడ వెంట వచ్చెడివి. రసము చెడి రక్ష కలుగకపోవుటయు కలదు. తరువాతి కాలమున దూడలమీద రసము పెంచు పద్ధతి వచ్చి ఆ దోషములు తగ్గెను.

లక్ష్మమ్మణ్ణి 1810లో పరమపదించెను. ఆమె కాపాడిన మనుమడు డెబ్బదిమూడేండ్లు బ్రదికి 1868లో గతించెను. నడుమ 1831లో కంపెనీవారు పరిపాలనను అతని చేతినుండి తీసికొనిరి. అవ్వగారు ఉన్నచో ఆశ్చర్యపడియుండదు.

ఆమె పోయిన తరువాతి నూటడెబ్బది యేండ్లలో టీకా కథ ఎన్నో మలుపులు తిరిగెను. 1880లో చట్టము వచ్చి, అది అమలైన ఊళ్ళలో పిల్లలకు టీకా తప్పనిసరి యయ్యెను. చట్టము చేతికి సూది వేయగలదు గాని మనసునకు నమ్మకము ఇయ్యలేదు. పలుచోట్ల తల్లులు పిల్లలను దాచిపెట్టిరి. ఇంటింటికి తిరిగి, నచ్చజెప్పి, రోగమున్నచోట చుట్టుపట్లనున్న వారందరికి టీకాలు వేసిన మీదటనే పని ముగిసినది. 1975 మే నెల తరువాత మన దేశమున మశూచి సోకినవారు లేరు. 1980లో ప్రపంచారోగ్యసంస్థ ఆ జాడ్యము భూమిమీదనే లేదని ప్రకటించెను. మన ఇండ్లలో ఏబదియేండ్లు దాటిన పెద్దల చేతిమీద గుండ్రని మచ్చలుండుట, పిల్లల చేతులమీద ఆ మచ్చలు లేకుండుట అందుచేతనే.

2021లో కొత్త జాడ్యమునకు కొత్త టీకాలు వచ్చినప్పుడు, వానిలో ఒకటి మన హైదరాబాదున తయారైనప్పుడు, పాత ప్రశ్న మరల తలయెత్తెను. 2022 మే నెల 2వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, ఎవరికిని బలవంతముగా టీకా వేయరాదనియు, తన దేహముపై తనకు హక్కు కలదనియు నిర్ణయించెను. టీకావలన కలిగిన కష్టనష్టముల వివరములు ప్రజలకు తెలియవలెననియు చెప్పెను. అదే తీర్పు ప్రభుత్వపు టీకా విధానము అహేతుకము కాదనియు తేల్చెను. అనగా నిర్ణయము మనదే. తెలిసికొని చేయవలసిన బాధ్యతయు మనదే.

తెలిసికొనుట యననేమి? మైసూరు రాణి కథలో దానికి సమాధానము కలదు. జబ్బు వచ్చినచో ఎంత హాని, టీకావలన ఎంత హాని యని రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. ఒక దానినే చూచి భయపడుట తెలివి కాదు. మన వయస్సు, మనకున్న జబ్బులు, వాడు మందులు, గర్భిణులైనచో ఆ సంగతి, ముందొకప్పుడు మందు పడకపోయిన సంగతి దాచక వైద్యునితో చెప్పి అడుగవలెను. మన ఇంటనున్న పసిపిల్లలను, ముసలివారిని లెక్కలో చేర్చుకొనవలెను. మననుండి వారికి అంటునా అన్నది కూడ మన ప్రశ్నయే. చెప్పినవాడు మనవాడా, పరాయివాడా యని గాక, చెప్పినదానికి సాక్ష్యమేమని చూడవలెను. చూచిన పిదప నిర్ణయము చేసి, ఆ నిర్ణయమును దాచక చెప్పగలిగి యుండవలెను.

ఊరు విడిచి వచ్చిన మనబోటివారికి ఇది మరింత అవసరము. జబ్బు చేసినప్పుడు సలహా చెప్పు తాతలు, అవ్వలు ఎక్కడో నెల్లూరునందో, కర్నూలునందో, వరంగల్లునందో ఉందురు. ఇచ్చట ఎవరింటికి వారే పెద్ద.

ఉగాదినాడు పచ్చడిలో వేపపూత వేసికొందుము. అమ్మవారి గుమ్మమునకు కట్టినదియు ఆ వేపయే. చేదును చేదని తెలిసి, మేలును మేలని తెలిసి నోట వేసికొనుటయే ఈ పండుగ ఆచారము. ఈమారు చుట్టములను మైసూరునకు తీసికొనిపోయినప్పుడు, రాజమందిరపు ముంగిట నిలిచి, పిల్లలకు ఆ అవ్వగారి కథ కూడ చెప్పుడు. అందరికిని నూతన సంవత్సరము ఆయురారోగ్యములనిచ్చుగాక.